అరబకెట్టు స్నానం

మా మామయ్యకి గొట్టాలంటే ప్రాణం. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో నాకు వంట వచ్చా రాదా అని ఎవరూ అడగలేదు కానీ, "అమ్మాయ్, మీ పుట్టింట్లో వాడిన నీళ్ళు పోయేది ఇనప గొట్టమా, ప్లాస్టిక్ గొట్టమా?" అని ఆయన మాత్రం అడిగారు. తెలియదన్నాను. అయ్యో పాపం అన్నట్టు చూశారు. ఊళ్ళో సగం ఇళ్ళకి గొట్టాలు వేసిన చెయ్యి ఆయనది. ఏ వీధిలో నడుస్తున్నా ఫలానా ఇంటి కింద మలుపు తనదే అని చెప్పుకుంటూ నడుస్తారు. పక్కన నడిచేవాళ్ళు వింటున్నారా లేదా అన్నది ఆయనకి పట్టదు.

అంతటి మనిషి సొంత ఇంట్లో ఒక వానాకాలం మొత్తం ఒక్క గొట్టం దగ్గర చిక్కుకుపోయింది. ఒకటిన్నర ఇంచి చాలా, రెండించులు కావాలా అని. వినేవాళ్ళకి నవ్వొస్తుంది. మొదట్లో నాకూ వచ్చింది.

వానలు అలా మొదలయ్యాయో లేదో అత్తయ్య పడింది. స్నానం చేసి బయటికొస్తూ స్నానాలగది గట్టు దాటబోయింది. లోపలి నీళ్ళు హాల్లోకి రాకుండా కట్టిన గట్టు అది, జానెడు ఎత్తుంటుంది. తడికాలు దానికి తట్టుకుని, ఇటు హాల్లో ఎర్రగచ్చు మీద పక్కకి ఒరిగిపోయింది. నేను మేడ మీద మా వాటాలో మిషను కుట్టుకుంటున్నాను. ఏదో చప్పుడైంది అనుకున్నానే తప్ప, ఆవిడ అరవలేదు కాబట్టి పట్టించుకోలేదు. పని చూసుకుని కిందికొచ్చేసరికి అలాగే పడి ఉంది. "కంగారు పడకమ్మాయ్, ముందు నా మీద దుప్పటి కప్పి తర్వాత ఎవరినైనా పిలువు," అంది. తుంటి ఎముక విరిగిన మనిషి అన్న మొదటి మాట అది.

ఆపరేషను అయింది. నాలుగు కాళ్ళ వాకరుతో ఇంటికొచ్చింది. గట్లూ మెట్లూ దాటకూడదు, వంగకూడదు, కింద కూర్చోకూడదు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపించింది. హాల్లో కిటికీ పక్కన మంచం వేశాం. మిగతావన్నీ ఎలాగో నెట్టుకొచ్చాం కానీ స్నానం దగ్గరే అందరికీ ప్రాణం మీదికొచ్చేది.

మా ఆయన బస్సు డ్రైవరు. పొద్దున్న డ్యూటీకి వెళ్ళేముందు తల్లిని కుర్చీతో సహా ఎత్తి, గట్టు దాటించి, లోపల దించి బయటికొచ్చేవాడు. ఆపైన నేను. ఎదురుగా కూర్చుని మగ్గుతో నీళ్ళు పోసేదాన్ని. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం గోడవైపు తిప్పుకుని, ఒళ్ళంతా బిగదీసుకుని కూర్చునేది. నాకు నోరెక్కువ, ఆ సంగతి మా ఆయన్ని అడిగితే విడమరిచి చెప్తాడు. ఏవో కబుర్లు చెప్పి నవ్వించాలని చూసేదాన్ని. ఒక్కటీ ఆవిడ చెవికెక్కేది కాదు. నాలుగు మగ్గులు పడగానే "చాలమ్మాయ్, చాలు," అనేది. నేనూ బకెట్టులో సగమే పట్టేదాన్ని. అత్తయ్యది అరబకెట్టు స్నానం అని మా ఇంట్లో అందరికీ తెలుసు. అదొక వేళాకోళం కూడా. ఏదైనా చిటికెలో అయిపోతే "అత్తయ్య స్నానమంత సేపు" అంటాం.

ఒకరోజు మా ఆయన కుర్చీ ఎత్తుతుంటే ఆవిడ భుజం మీద కప్పుకున్న తువ్వాలు జారిపోయింది. ఆయన చటుక్కున మొహం తిప్పేసుకున్నాడు. రెండు చేతులా కుర్చీ పట్టుకున్న మనిషి, వదల్లేడు, చూడలేడు. నేను పరిగెత్తుకెళ్ళి కప్పాను. ఆ రోజు నీళ్ళు పోస్తుంటే ఆవిడ కళ్ళలోంచి కారేవి మగ్గు నీళ్ళు కావని నాకు తెలుస్తూనే ఉంది.

బయటికొచ్చి మంచం మీద పడుకున్నాక మామయ్యని పిలిచింది.

"నాకు మందులొద్దు, పళ్ళొద్దు, ఏమీ వద్దు. నా స్నానం నేను చేసుకోవాలి. తలుపేసుకుని. దానికేం చేస్తారో చెయ్యండి."

మామయ్య లేచి వెళ్ళి తన పనిముట్ల సంచీలోంచి సుద్దముక్క తీసుకొచ్చారు. పని మానేసి చాలాకాలమైనా ఆ సంచీ ఆయన మంచం కిందే ఉంటుంది. స్నానాలగది గుమ్మం దగ్గర చతికిలబడి గీతలు గీయడం మొదలుపెట్టారు. ఆ ఉత్సాహం చూసి నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు తాపీమేస్త్రీ వచ్చాడు. మామయ్యతో ఏళ్ళ తరబడి పని చేసినవాడే. అందరూ కంగారు మేస్త్రీ అంటారు. టీ చల్లారేదాకా కూడా ఆగలేక నాలుక కాల్చుకునే రకం. అసలు మాటంతా ఆ రోజే జరిగింది. మా ఆయన కూడా సెలవు పెట్టి ఉన్నాడు. అత్తయ్య మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుంది.

"గట్టు కొట్టేద్దాం. గది నేలా హాలు నేలా ఒకటే ఎత్తు. వాకరుతో తిన్నగా లోపలికి పోతుంది. గోడకి రెండు కడ్డీలు, పట్టుకోడానికి. కూర్చోడానికి స్టూలు. తల మీద షవరు, చేతికందేలా ఇంకొకటి. రాణీలా కూర్చుని స్నానం చేస్తుంది," అన్నారు మామయ్య.

"అంతా బానే ఉంది గానీ పెద్దాయనా, కింద గొట్టం ఎంత?" అన్నాడు మేస్త్రీ.

"ఒకటిన్నర. ఇల్లు కట్టినప్పుడు వేసింది. ఇప్పటిదాకా చుక్క కారలేదు."

"షవరుకి రెండించులు వేస్తాం కదా మనం?"

"వేస్తాం. ఊళ్ళోవాళ్ళకి వేస్తాం. వాళ్ళు నలుగురైదుగురు వరసపెట్టి గంగాళాలు గంగాళాలు కుమ్మరించుకుంటారు. ఇక్కడ చేసేది ఒక్క మనిషి."

అది నిజమే. కింది స్నానాలగది అత్తయ్య ఒక్కదానిదే. మామయ్యకి చిన్నప్పటినుంచీ వాకిట్లో పంపు దగ్గరే అలవాటు, వానైనా చలైనా అక్కడే. మాకు మేడ మీద వేరే ఉంది, దాని గొట్టం బయట గోడవెంట దిగుతుంది. కింది గది ఇంటికి నడిమధ్యన ఉంది. దాని వెనక గోడ పక్కింటివాళ్ళది. అందుకని నీళ్ళు పోయే గొట్టం హాలు అడుగునుంచి వెళ్ళి వీధివైపు గోడ దాటి కాలవలో కలుస్తుంది. గొట్టం మార్చాలంటే హాలు గచ్చు ఈ చివరనుంచి ఆ చివరకి పగలగొట్టాలి.

ఆ గచ్చు సంగతి చెప్పాలి. అద్దంలా మెరిసే ఎర్రగచ్చు. ఇంత హాలుకీ ఎక్కడా ఒక్క అతుకు కనిపించదు. ఆయన పోతపోస్తుంటే, మా ఆయన్ని కడుపులో పెట్టుకుని అత్తయ్య నున్నటి రాయితో రుద్దిందట. ఇంటికి ఎవరొచ్చినా మామయ్య ముందు వాళ్ళ కాళ్ళవైపు చూస్తారు, చెప్పులతో వచ్చారేమోనని. నేను ఒకసారి కుట్టుమిషను ఆ గచ్చు మీద ఈడిస్తే, నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు.

"నాన్నా, గచ్చు పోతే పోనీ, రెండించులు వేసేద్దాం. మళ్ళీ మళ్ళీ చేసే పని కాదు కదా," అన్నాడు మా ఆయన.

"నీకేం బాబూ, మేడ మీద ఉంటావు. రుద్దిన చేతులు మావి," అన్నారు మామయ్య. "ఎన్ని నీళ్ళు లోపలికి పడతాయో అన్ని నీళ్ళకే గొట్టం వెయ్యాలి. అదీ లెక్క. మీ అమ్మది అరబకెట్టు స్నానం. దానికి రెండించులంటే నవ్విపోతారు."

మేస్త్రీ నిజంగానే నవ్వాడు. "అమ్మగారి స్నానానికి సెలైను గొట్టం సరిపోతుంది పెద్దాయనా," అన్నాడు. మేమందరం నవ్వాం.

"అమ్మని కూడా ఒకమాట అడుగు నాన్నా."

"అడిగితే పోయేదేముంది. ఏమే, ఎన్ని నీళ్ళు కావాలి నీకు?"

అత్తయ్య మంచం మీదనుంచి గచ్చువైపు చూసింది. చాలాసేపు చూసింది. "మీకు తెలియందేముంది," అంది.

"విన్నారుగా," అని మామయ్య సుద్దముక్క జేబులో వేసుకున్నారు. ఒకటిన్నరే ఖాయమైంది.

పని బాగా జరిగింది, కాదనను. గట్టు పోయింది. జారని టైల్సు వేశారు. గోలీకాయ పెడితే తిన్నగా నీళ్ళు దిగే జాలీ దగ్గరికి దొర్లుకుంటూ వెళ్ళేంత చక్కటి వాలు తీశారు. పాతగొట్టంలోకి పొడుగాటి తీగ దూర్చి, ఏళ్ళ తరబడి పేరుకున్న సబ్బు మడ్డి లాగారు మామయ్య. షవరు బిగించారు, కడ్డీలు బిగించి వాటికి తనే వేలాడి చూశారు. ఆ వయసులో ఆ వేలాడటమేమిటని నేను కేకలేశాను. ఆఖరున అందరినీ పిలిచి పరీక్ష పెట్టారు. ఏం పరీక్షో తెలుసా? షవరు తిప్పలేదు. బకెట్టులో సగం నీళ్ళు పట్టి, నేల మీద గుమ్మరించారు. జాలీ చుట్టూ కాస్త నిలిచి, గుడగుడమని దిగిపోయాయి.

"చూశారా! అరబకెట్టు!" అన్నారు. మేస్త్రీ చప్పట్లు కొట్టాడు. షవరు పెట్టుకుని బకెట్టుతో పరీక్ష చెయ్యడమేమిటని మాలో ఒక్కరికీ తట్టలేదు. అత్తయ్య ఎప్పుడూ వాడే నీళ్ళు కొలిచి పోశారు కదా, సరిపోయింది అనుకున్నాం. ఇప్పుడు తల్చుకుంటే తల బాదుకోవాలనిపిస్తుంది.

మొదటిరోజు అత్తయ్య వాకరు తోసుకుంటూ తనంతట తను లోపలికి వెళ్ళి, తలుపేసుకుని, గడియ పెట్టుకుంది. ఆ గడియ చప్పుడు విని మా ఆయన నావైపు చూసి నవ్వాడు. షవరు చప్పుడు వినిపించింది. ఆహా అనుకునేలోగా ఆగిపోయింది. కాస్త ఆగి మళ్ళీ తిప్పింది, వెంటనే కట్టేసింది. ఇట్టే బయటికొచ్చేసింది.

"అయిపోయిందా అత్తయ్యా?"

"అయిపోయింది. హాయిగా ఉంది," అంది. ఆ మాట అన్నప్పుడు మొహంలో హాయి ఏ మూలా కనిపించలేదు.

అలా కొన్నాళ్ళు నడిచింది. బయట వాన ఎడతెరిపి లేకుండా కురుస్తోంది, మా కాలవ నిండుగా పారుతోంది. మామయ్య వచ్చినవాళ్ళందరికీ ఆ గది తలుపు తీసి చూపిస్తున్నారు. ఒక మధ్యాహ్నం అత్తయ్య తల దువ్వుదామని కూర్చున్నాను. దువ్వెనకి తెల్లగా ఏదో అంటుకుంటోంది. చుండ్రు అనుకున్నాను. వేలితో రాసి చూస్తే సబ్బు. చెవుల వెనకా సబ్బు, మెడ మీదా ఎండిపోయిన సబ్బు. నీళ్ళు పడక చర్మం ఎర్రగా దద్దుర్లు తేలింది.

"ఏమిటిది అత్తయ్యా? సబ్బు కడుక్కోవట్లేదా? చెయ్యి అందట్లేదా? చెప్తే నేను రానా?"

"నువ్వు రావద్దు," అంది గబుక్కున. తర్వాత గొంతు తగ్గించింది. "చెయ్యి అందుతుంది. షవరు తిప్పితే నీళ్ళు లేస్తున్నాయమ్మాయ్. జాలీ మింగట్లేదు. పాదం మునిగేదాకా వస్తాయి, గుమ్మంవైపు పోతాయి. ఇదివరకు గట్టు ఉండేది, ఆపేది. ఇప్పుడు ఆపేదేముంది? నీళ్ళు అంచుదాకా రాగానే కట్టేస్తున్నాను. అవి దిగాక మళ్ళీ తిప్పుతున్నాను. ఎంతసేపని కూర్చోను, చలేస్తుంది."

"ఇదివరకు కూడా లేచేవా?"

"ఎప్పుడూ లేచేవి. అందుకే కదా అరబకెట్టు."

దువ్వెన నా చేతిలోనే ఉండిపోయింది.

"మీకు తక్కువ నీళ్ళు అలవాటు అనుకున్నాం."

"అలవాటైంది," అంది.

"ఇన్నేళ్ళలో ఒక్కసారి నోరు విప్పి చెప్పలేకపోయారా?"

"చెప్పానే. ఇంట్లోకొచ్చిన కొత్తలోనే చెప్పాను. మెల్లగా పోసుకోవే అన్నారు. మెల్లగా పోసుకున్నాను. తర్వాత ఇంకేం చెప్పను? ఊరంతా ఆయన గొట్టాలు మెచ్చుకుంటుంటే, మా ఇంట్లో గొట్టం బాలేదని నేనెలా అనను? పైగా ఆ గచ్చు ఆయనకి ఎంతో నాకూ అంతే. రుద్దిన చెయ్యి నాది కాదూ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నా దగ్గరికి కొంతమంది పాత చొక్కా ఒకటి తెచ్చి, దీని ఆదితో కొత్తది కుట్టమంటారు. పాతది చంకల్లో బిగుతని, చేతులెత్తడానికి లేదని వాళ్ళకీ తెలియదు, అలవాటు పడిపోయి ఉంటారు. అదే కొలతతో కుడితే కొత్తదీ బిగుతే. అందుకే నేను ఆది చొక్కా పక్కన పడేసి, మనిషిని నిలబెట్టి టేపు పెడతాను. మా ఇంట్లో అందరం కలిసి ఆ పాత చొక్కానే కొలిచాం. విసురుగా లేచాను.

"ఎక్కడికి?"

"మామయ్యకి చెప్పడానికి. వాకిట్లోనే ఉన్నారుగా."

"కూర్చో," అంది. అంత గట్టిగా ఆవిడ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "నువ్వు చెప్తే ఆయనకి కోపం వస్తుంది. నీ నోరు నాకు తెలుసు. ఇద్దరూ మాటా మాటా అనుకుంటారు. ఆ తర్వాత గొట్టం మాట ఎవరికీ గుర్తుండదు, నువ్వన్న మాటే గుర్తుంటుంది. నా స్నానం సంగతి నేను చూసుకుంటాను."

కూర్చున్నాను. నా నోరు మూయించడం ఈ ఇంట్లో ఎవరివల్లా కాలేదు, ఆ రోజు ఆవిడవల్ల అయింది. తడిగుడ్డతో మెడ మీది సబ్బంతా తుడిచి, జడ వేశాను.

ఆ తర్వాత ఒక ఆదివారం. అన్నాలు తిని అందరం హాల్లోనే ఉన్నాం. బయట కుండపోత. మామయ్య పడకకుర్చీలో కాళ్ళు చాపుకుని రేడియో వింటున్నారు. మా ఆయన కింద పడుకుని కునుకు తీస్తున్నాడు. అత్తయ్య మంచం దిగి, తువ్వాలు భుజాన వేసుకుని, వాకరు తోసుకుంటూ బయల్దేరింది.

"ఈ వేళప్పుడు స్నానమేమిటే?" అన్నారు మామయ్య.

"పొద్దున్న సరిగా కాలేదు," అని లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది.

షవరు చప్పుడు మొదలైంది. ఈసారి ఆగలేదు. వాన చప్పుడూ షవరు చప్పుడూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. నేను గుమ్మంవైపే చూస్తూ కూర్చున్నాను. ముందు తలుపు కింద సన్నటి తడి గీత కనిపించింది. అది వెడల్పయింది. తర్వాత నీళ్ళు ఏ తొందరా లేకుండా, సబ్బు నురగతో సహా హాల్లోకి వచ్చేశాయి. ఎర్రగచ్చు మీద నిగనిగలాడుతూ పరుచుకున్నాయి. మా ఆయన వీపు తడిసి, "ఇల్లు కారుతోంది!" అంటూ ఎగిరి లేచాడు. నీళ్ళు పడకకుర్చీ దాకా వెళ్ళి మామయ్య మడమలకి తగిలాయి.

ఆయన కిందికి చూశారు. ఒక్క క్షణం ఏమీ అర్థం కానట్టు చూశారు.

"ఏమే! నీళ్ళు బయటికొచ్చేస్తున్నాయి! కట్టెయ్!"

"ఇంకా కాలేదు," అంది అత్తయ్య లోపల్నుంచి.

"హాలంతా నీళ్ళే! గచ్చు పాడైపోతుంది!"

"తెలుసు. ఇంకా కాలేదు."

నేను గోనెపట్టా తేబోయాను. మామయ్య చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. లేచి, నీళ్ళలో నడుచుకుంటూ తలుపు దాకా వెళ్ళి నిలబడ్డారు. రేడియో ఏదో వాగుతూనే ఉంది. మా ఆయన వెళ్ళి దాని పీక నొక్కాడు.

"ఎప్పుడూ ఇంతసేపు చెయ్యవు కదే," అన్నారు తలుపుతో. గొంతులో కోపం లేదు, అడుగుతున్నట్టుంది.

"చెయ్యను."

"మరి?"



"ఇన్నాళ్ళూ మీ గొట్టానికి సరిపడా చేశాను," అంది అత్తయ్య. "ఇవాళ నాకు సరిపడా చేసుకుంటున్నాను. మీరు కాస్త ఆగండి."

మామయ్య ఆగారు. ఆ తలుపు పక్కనే గోడకి చెయ్యి ఆన్చి, పాదాలు నీళ్ళలో పెట్టుకుని, ఆవిడ షవరు కట్టేదాకా అలాగే నిలబడ్డారు. ఆయన మొహం నాకు కనిపించలేదు. మెడ ఒక్కటి కనిపించింది, కిందికి వాలి ఉంది. మా ఆయన ఏదో అనబోతే నేను చెయ్యి గిల్లాను. నాకు ఆ ముసలాయన మీద ఉన్న కోపమంతా ఎటుపోయిందో తెలియదు, ఏడుపొచ్చింది.

అత్తయ్య బయటికొచ్చింది. ఒళ్ళంతా ఎర్రగా, జుట్టులోంచి శుభ్రంగా నీళ్ళు కారుతూ వచ్చింది. ఎవరివైపూ చూడకుండా వాకరు తోసుకుంటూ వెళ్ళబోయింది. మామయ్య ముందు నడుస్తూ, జారకుండా గోనెపట్టా పరుస్తూ మంచం దాకా తీసుకెళ్ళారు. క్షమించమనీ అనలేదు, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదనీ అనలేదు. నీళ్ళు తుడిచి గచ్చు ఆరాక సంచీలోంచి సుద్దముక్క తీశారు. స్నానాలగది గుమ్మం దగ్గర మొదలుపెట్టి, వీధి గోడ దాకా, ఆ అద్దంలాంటి గచ్చు మీద రెండు తెల్లటి గీతలు గీశారు. మధ్యలో ఒకసారి ఆగి మోకాలు రుద్దుకున్నారు. అంతే.

ఈసారి పరీక్ష ముందే జరిగింది. షవరు కింద బకెట్టు పెట్టి, నిండడానికి ఎంతసేపు పడుతోందో గడియారం చూశారు. అదే బకెట్టు పాతగొట్టంలోకి దిగడానికి ఎంతసేపు పడుతోందో చూశారు. బకెట్టు నిండినంత తొందరగా దిగట్లేదు. అదీ సంగతి. మేస్త్రీకి కబురు పెడితే ఉలీ సుత్తీ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. సుద్దగీతలు చూసి నోరు తెరిచాడు.

"గచ్చు కొట్టేయమంటారా? మీరేనా ఈ మాట అంటున్నది?"

"రెండించులు వేద్దాం," అన్నారు మామయ్య. అని, ఆగి, మంచంవైపు తిరిగారు. "రెండు చాలా?"

"నన్నడుగుతారేమిటి? గొట్టాల మనిషి మీరు," అంది అత్తయ్య.

"స్నానం చేసేది నువ్వు. తలంటుకున్న రోజు ఎంతసేపు చేస్తావు?"

ఆవిడ ఆలోచించింది. తన స్నానం గురించి తను ఆలోచించడం ఆవిడకి అదే మొదటిసారి అనుకుంటాను. "చాలాసేపు," అంది. "పైదీ చేతిదీ రెండూ తిప్పుకుని."

"రెండూ తిప్పినా రెండించులు మింగేస్తుంది, వాలు సరిగ్గా పెడితే," అన్నారు. మొదటి దెబ్బ తనే వేస్తానని సుత్తి తీసుకున్నారు. వేశారు. గచ్చు పగిలిన చప్పుడుకి అత్తయ్య కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచి, "కానివ్వండి," అంది.

ఇల్లంతా దుమ్ము, బయటంతా బురద. మధ్యలో కంగారు మేస్త్రీ తన కంగారు చూపించుకున్నాడు. గొట్టం రెండించులదే వేసి, జాలీ కింద ఉండే వంపుముక్క మాత్రం పాత ఒకటిన్నరదే బిగించేశాడు. "కొత్తది తేవాలంటే వానలో బజారుకెళ్ళాలి పెద్దాయనా, పైకి కనపడదు కదా," అన్నాడు. మామయ్య ఏనాడూ వాడిమీద గొంతెత్తలేదు, ఆ రోజు ఎత్తారు. "దారిలో ఎక్కడ సన్నబడినా మొత్తం సన్నదే! ముందు అది ఊడదీయ్!" అని, గొడుగు తీసుకుని తనే బజారుకి వెళ్ళి, పాంటు మోకాళ్ళదాకా తడుపుకుని కొత్త ముక్క తెచ్చారు.

గచ్చు మళ్ళీ పోతపోశారు కానీ రంగు కలవలేదు. ఎంత రుద్దినా కొత్తది కాస్త వెలిసినట్టే ఉంది. గుమ్మం నుంచి వీధి గోడ దాకా హాలు నడిమధ్యన లేతరంగు పట్టీ ఒకటి మిగిలిపోయింది. పొద్దున్నే వాకరు పట్టుకుని అత్తయ్య ఆ పట్టీ మీదుగానే నడిచి వెళ్తుంది. ఎవరైనా వచ్చి అయ్యో ఇదేమిటి అంటే, "అది మా ఆవిడ స్నానం," అంటారు మామయ్య. వచ్చినవాళ్ళకి అర్థం కాదు. ఆయన విడమరిచి చెప్పరు.

వానలు తగ్గుముఖం పట్టాయి. ఒకరోజు పొద్దున్న నేను మేడ మీద మొహానికి నిండా సబ్బు రాసుకుని ఉండగా పంపులో నీళ్ళు సన్నబడి, చుక్క చుక్కై, ఆగిపోయాయి. కళ్ళు మండిపోతున్నాయి. పైన ట్యాంకు ఖాళీ అన్నమాట. ఇదివరకు అలాంటిది మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. మోటారు సంగతి చూసుకునేది అత్తయ్యే. అందరికీ నీళ్ళున్నాయో లేదో కనుక్కుని, పడకముందు తనే వేసి, పడ్డాక మామయ్య చేత వేయించి, ఆ తర్వాతే తన స్నానానికి వెళ్ళేది. ఆ రోజు ముందు తన స్నానానికే వెళ్ళినట్టుంది. తువ్వాలు చుట్టుకుని, ఒక కన్ను మూసుకుని మెట్లదాకా వచ్చి కేకేశాను.

"మామయ్యా! నీళ్ళైపోయాయి! అత్తయ్య ఇంకా షవరు కట్టలేదా?"

మామయ్య పడకకుర్చీలోంచి లేచారు. గదిలోంచి నీళ్ళ చప్పుడు ఆగిపోయి, అత్తయ్య "అయ్యో, అమ్మాయికి నీళ్ళు లేవా? వచ్చేస్తున్నా, వచ్చేస్తున్నా," అంటోంది కంగారుగా. వాకరు కదిలిన చప్పుడు కూడా వినిపించింది. ఆయన వెళ్ళి ఆ తలుపు మీద వేళ్ళతో రెండుసార్లు మెల్లగా కొట్టారు.

"కూర్చోవే," అన్నారు. తర్వాత తలెత్తి నావైపు చూసి, "ఇంకా కాలేదమ్మా," అని చెప్పి, మోటారు వెయ్యడానికి వాకిట్లోకి వెళ్ళారు.